పులిహోర పొట్లాల మీద అంత కోపమెందుకు?

తెల్లారకముందే పాతపట్నం స్టేషన్లో పదిహేడుమందిమి ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాం. రెండు స్టీలు క్యారేజీలు, అరిటాకుల్లో కట్టిన ఆవ పెట్టిన పులిహోర, మంచినీళ్ల క్యాను, ఒక భూతద్దం, జిరాక్సు కాగితాల కట్ట. ప్లాట్‌ఫారం మీద పొద్దుటి నడకకొచ్చిన మా వీధి మావయ్య, రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి, ఆగి అందర్నీ వేలితో లెక్కపెట్టాడు.

"ఏటల్లుడూ, పెళ్లివారా?"

"కాదు మావయ్యా, మ్యూజియానికి."

"ఇంతమందా! క్యారేజీలు కట్టుకునా! సరిత్రంటే ఒక మూల కూకోని సదూకునేదిరా. దీన్ని పిక్నిక్కంటారు."

మావయ్య మాట ఆయన సొంతం కాదు. ఇదే మాట కాలేజీ స్టాఫ్‌రూముల్లో కాస్త ఇస్త్రీ చేసి అంటారు. పుస్తకావిష్కరణ సభల్లో శాలువా కప్పించుకుని అంటారు. సారాంశం ఒక్కటే. మధ్యయుగ చరిత్ర లిపి వచ్చినవాడి సొత్తు, సంస్కృతం వచ్చినవాడి సొత్తు. మిగతావాళ్లు గుంపుకట్టి మ్యూజియాలకి పోయి, అద్దాలకి ముక్కులు ఆనించి, ఫోటోలు దిగి, తిని, తిరిగొస్తారు. దానివల్ల రైల్వేకి టిక్కెట్టు డబ్బులు తప్ప చరిత్రకి ఒరిగేదేం లేదు. ఈ మాట ఎంత పెద్దమనిషి తరహాలో చెప్పినా తప్పే. మరెక్కడైనా ఏమోగానీ మా కళింగ సీమలో, మధ్యయుగంలో ఈ సీమని ఏలిన తూర్పు గాంగుల చరిత్ర విషయంలో, ఇది ఒకటికి నాలుగుసార్లు తప్పు.

ముందుగా పిక్నిక్ అన్న నేరం ఒప్పేసుకుంటాను. తింటాం. బండిలో పేకాట కూడా ఆడినవాళ్లున్నారు. ఇద్దరు ముగ్గురు దారిపొడుగునా నిద్రపోయి, మ్యూజియంలో ఫ్యాను కింద బెంచీ చూసుకుని మళ్లీ పడుకున్నారు. అయితే ఏంటట? కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద తిన్నవాళ్ల భక్తిని ఎవరూ శంకించరు. శివరాత్రి పోయాక ముఖలింగంలో చక్రతీర్థానికి వంశధార ఇసుకలో ఇసుకేస్తే రాలనంత జనం దిగుతారు, ఒడిశా నుంచి కూడా మూటలు నెత్తినెట్టుకుని వస్తారు. వాళ్లందరూ మధుకేశ్వరుడి గుడి గోడల పక్కనుంచే నడుస్తారు. ఆ గోడల మీద, స్తంభాల మీద చెక్కిన శాసనాలు ఎవరికోసం చెక్కారనుకున్నారు? తలుపు వేసుకుని చదువుకునే పండితుడి కోసమైతే తాటాకు మీద గంటంతో రాసి గూట్లో పెట్టుకునేవారు. ఎవరు ఎంత సొమ్మిచ్చారు, ఆ సొమ్ముతో ఏ దీపం వెలగాలి, ఆ ధర్మం చెడగొట్టినవాడికి ఏ పాపం తగులుతుంది అన్నవన్నీ నలుగురూ వచ్చిపోయే చోట రాతి మీద పెట్టింది నలుగురి కళ్లా పడాలనే. శాసనమంటే పుట్టుకతోనే గుంపు కోసం రాసిన నోటీసు. దాన్ని గుంపు చదవడం అపచారమైపోయిందా?

ఒంటరి పండితుడి బొమ్మ ఒకటి మనవాళ్ల మనసులో పాతుకుపోయింది. లాంతరు, పాత పుస్తకం, నెరిసిన మీసం. మా వైపు ఆ బొమ్మకి గిడుగు రామమూర్తి గారి ముఖం అతికిస్తారు. ఆయన జీవితం కాస్త దగ్గర్నుంచి చూస్తే ఆ బొమ్మ ఆయనకి అస్సలు కుదరదు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్లో మాస్టరు ఉద్యోగంలో చేరాడు. అప్పటికి ఆయన చదువు మెట్రిక్యులేషన్. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా కట్టి పాసైనవే. శాసన లిపులు ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్చుకోలేదు. పుస్తకాలు తెప్పించుకున్నాడు, ముఖలింగం గుడికి పోయి రాళ్ల ముందు నిలబడి నేర్చుకున్నాడు. ఆ బడిపంతులే గాంగరాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని, కళింగపట్నం దగ్గరి దీర్ఘాసి శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చు వేయించాడు. గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని వాదించాడు. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని లోకానికి చూపించినవాడూ ఆయనే. ఇవన్నీ ఇంట్లో కూచుంటే దొరికే సరుకులు కావు. ఇక సవర భాష సంగతి సరేసరి. సవర పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, వాడి నోటి నుంచి మాట మాట విని పట్టుకున్నాడు. ఒంటరితనం ఎక్కడుంది ఇందులో? తిరుగుడు ఉంది, అడుగుడు ఉంది, తనకి తెలియనిది తనకంటే చిన్నవాణ్ణి అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడకపోవడం ఉంది. ఈ రోజు ఆయన బతికి ఉండి మా ప్లాట్‌ఫారం మీదకి వస్తే మావయ్య ఆయన్ని కూడా పెళ్లివారా అనే అడిగేవాడు.

గాంగుల చరిత్రకి ఒక్క బుర్ర ఎందుకు చాలదో చెప్తాను. ఇది ఏదో ఆదర్శం కొద్దీ అంటున్న మాట కాదు, మా చేతికి అనుభవమైన సంగతి.

పోయిన ఏడాది ముఖలింగం వెళ్లేటప్పుడు జిరాక్సులు పట్టుకెళ్లాం. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఐదో సంపుటంలో ఉన్నాయి. 1925లో వేశారు. అచ్చయి నూరేళ్లయింది. మూలపాఠం ఉంటుంది, తాత్పర్యం ఉండదు. ఆ సంపుటం ఇప్పుడు ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు, కానీ దింపుకుని తెరిచినవాడికి తెలుగక్షరాల అడవి కనిపిస్తుంది. దాంతోపాటు నడగాం శాసనం కాగితం కూడా ఒకటి ఉంది. అందులో వజ్రహస్తుడి పట్టాభిషేకం ఏ శక సంవత్సరంలోనో అంకెల్లో చెప్పలేదు, మాటల్లో చెప్పారు: ఆకాశం, ఋతువులు, నిధులు. నేను చరిత్రలో ఎమ్మే. తల గోక్కుంటున్నాను. మా గుంపులో పౌరోహిత్యం చేసుకునే పెద్దాయన నవ్వి, "ఆకాశం సున్నా, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. కుడి నుంచి ఎడమకి చదవాలి బాబూ, తొమ్మిదొందల అరవై" అన్నాడు. ఆయన పక్కనే కూచున్న తొమ్మిదో తరగతి అమ్మాయి డెబ్బై ఎనిమిది కలిపి 1038 అంది. ఇద్దరికీ కలిపి అర నిమిషం పట్టింది.

ఇంకోటి. గాంగుల శాసనాల్లో రాజు ఏలుబడి ఏడు చెప్పేటప్పుడు అంకం అని ఒక లెక్క వస్తుంది. పందొమ్మిదో అంకం అంటే ఆ రాజు పందొమ్మిదో ఏడనుకుంటాం, తెలుగువాళ్లం. మాతో వచ్చే ఒక ఒడియా పెద్దమనిషి, పర్లాకిమిడిలో బట్టల కొట్టు ఆయన, వేళ్లు మడిచి లెక్కపెట్టి చూపించాడు. ఒకటి లేదు, రెండుతో మొదలు. ఆరు లేదు. పదహారు లేదు. ఆరుతో ముగిసే అంకె ఏదీ ఉండదు. సున్నాతో ముగిసేవాటిలో పది ఒక్కటే ఉంటుంది, ఇరవై, ముప్పై ఉండవు. అలా లెక్క వేస్తే పందొమ్మిదో అంకం అంటే పదహారో ఏడు. "మీకెలా తెలుసు?" అని అడిగితే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆయన ఇంట్లో గోడకి వేలాడే పంజికలో పూరీ గజపతి పేరుతో ఈ అంకం ఇప్పటికీ అచ్చవుతుంది. నాకది పరిశోధన, ఆయనకి క్యాలెండరు. నేను ఒంటరిగా చదువుకుని ఉంటే మూడేళ్లు తప్పు వేసి, పైగా దాన్ని ఒక వ్యాసంలో రాసి ఉండేవాణ్ణి.

అసలు రుచి మాత్రం దీపాల దగ్గర తగిలింది. మధ్యయుగపు శాసనాల్లో సగం దీపాలే. అఖండ దీపానికి ఇంత సొమ్ము, దానికి ఇన్ని జీవాలు. ద్రాక్షారామంలో ఒక దీపానికి యాభై గొర్రెలు ఇవ్వడం మామూలు. తమిళ దేశంలో చోళుల శాసనాల్లో తొంభై, తొంభై ఆరు అని వస్తుంది, పైగా వాటిని చావని, ముసలవని గొర్రెలు అంటారు. పుస్తకాల్లో దీనికి ఓ అలంకారంలాగా అర్థం చెప్పి వదిలేస్తుంటారు. ఈ సంగతి నేను మధుకేశ్వరాలయం ప్రాకారం నీడలో చెబుతుంటే, మా ఊరి పక్క పల్లెలో మందలున్న ఇంటామె (ఆమె కొడుకు మా గుంపులో మనిషి, తల్లిని దేవుడి దర్శనానికని తీసుకొచ్చాడు) అందుకుంది.

"గొర్రె సావకపోడమేటి బావూ? సచ్చిన దానికి పిల్లని ఎట్టాల. మందని పాలుకిచ్చినోడు తిరిగి లెక్క అప్పజెప్పినప్పుడు యాభైకి యాభై ఉండాల. అంతేగదేటి."

అంతే. అలంకారం కాదు, అది ఒప్పందం. మంద సంఖ్య తగ్గకూడదు, పెరిగితే పెంచినవాడిది, రోజూ కొలత ప్రకారం నెయ్యి గుడికి రావాలి. గుడి అంటే వడ్డీ మీద నడిచే ఖజానా కూడానని ఆర్థిక చరిత్ర పుస్తకాలు పెద్ద పెద్ద మాటల్లో చెప్పేది ఆమె నోట ఒక్క ముక్కలో వచ్చేసింది. ఆ తర్వాత ఆమె నన్ను ఓ ప్రశ్న అడిగింది: మరి గాలికుంటు వచ్చి మంద మందంతా పోతే దీపం ఎవరు పెట్టాల? ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఏ శాసనంలోనైనా ఉందేమో వెతుకుతున్నాను. ఆ ప్రశ్న ఏ సెమినార్లోనూ నేను వినలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

దీనికి పండితులు ఇచ్చే సమాధానం నాకు తెలుసు. ఇవి చమత్కారాలు, వీటితో చరిత్ర కట్టలేం, లిపి తెలియనివాడు లిపి తెలిసినవాడి భుజం మీద కూచుని ప్రపంచాన్ని చూస్తున్నాడు అంటారు. నిజమే. లిపి చదివి పాఠం ఇచ్చినవాడు లేకపోతే మాది గుడ్డి గుంపు. ఒకసారి మేం ఒక అంకెని తప్పు చదివి, రాజునే మార్చేసి, సాయంత్రం దాకా ఆనందపడ్డాం. విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒక పెద్దాయనకి ఫోన్ చేస్తే నవ్వి సరిచేశారు. ఆ రుణం ఎగ్గొట్టను. పండితుడు అక్కర్లేదని మేమెప్పుడూ అనలేదు. పండితుడు తప్ప మరెవరూ అక్కర్లేదన్న మాటతోనే నా పేచీ.

ఇక మ్యూజియం. గుంపు ఎక్కువగా వెక్కిరింతకి గురయ్యేది ఇక్కడే.

మ్యూజియంలో వస్తువు దాని ఊరి నుంచి, దాని గోడ నుంచి తెగి వచ్చి ఉంటుంది. కింద చీటీ మీద విష్ణువు, నల్లరాయి, పన్నెండో శతాబ్దం అని ఉంటుంది. అంతటితో సరి. ఒంటరిగా వచ్చినవాడు ఎంతసేపు చూస్తాడు? మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. చీటీ చదివి, బొమ్మ చూసి, పక్కదానికి పోతాడు. మేం ఆ రోజు వెళ్లిన మ్యూజియంలో గాంగుల బంగారు ఫణం ఒకటుంది. అర గ్రాము కూడా తూగదు. కందిపప్పు బద్దకి కాస్త అన్న. అద్దం మీద ట్యూబులైటు పడి మెరుస్తుంటే బంగారు రేణువు తప్ప మరేం కనపడదు. మాలో ఒకాయన కంసాలి పని చేసేవాడు. భూతద్దం అద్దానికి ఆనించి, ఒక కన్ను మూసి, అయిదు నిమిషాలు కదల్లేదు. ఆయన వెనక వరసగా పదహారుమంది. "పడుకున్న నంది ఉంది. మూపురం అవుపడతంది, ముట్టె లేదు. అచ్చు పెద్దది, రేకు సిన్నది, అందుకని బొమ్మ సగమే పడింది. అంచు అరిగింది సూడండి, ఇది దాచిన సరుకు కాదు, శానా సేతులు మారింది." ఇలాంటి ఫణాలకి రెండో వైపు అంకుశం, ఏలుబడి ఏడు తెలిపే అంకె ఉంటాయి. అంటే మన ఒడియా పెద్దమనిషి వేళ్ల మీది లెక్క ఇక్కడికి కూడా పనికొస్తుందన్నమాట. కానీ నాణెం బోర్లా తిప్పి చూపించేవాడెవడు?

ఈ లోగా కాపలా మనిషి వచ్చాడు. అద్దం మీద చెయ్యి తియ్యండి, గుంపు పెట్టకండి, కదలండి. అతని తప్పు లేదు, బడిపిల్లల్ని తోలుకుపోయే మాస్టర్లకి అలవాటైన మ్యూజియం అది. ఒక్కణ్ణే వెళ్లిన రోజుల్లో నేను ఆ మాటకి తలొంచుకుని కదిలిపోయేవాణ్ణి. పదిహేడుమంది కదలరు. మా పురోహితుడు అతన్నే ఎదురడిగాడు, "లోపల పెద్దవాళ్లెవరైనా ఉన్నారా నాయనా, ఒక సందేహముంది." అధికారి ఒకాయన బయటికొచ్చాడు. మొదట విసుగ్గా, రెండో ప్రశ్నకి కుతూహలంగా, నాలుగో ప్రశ్నకి కుర్చీ లాక్కుని. నాణెం రెండో వైపు ఫోటో లోపలి రిజిస్టర్లో ఉందని తెచ్చి చూపించాడు. వెళ్లేటప్పుడు, ఈ అలమర దగ్గర ఇంతసేపు ఆగినవాళ్లని తాను చూడలేదన్నాడు. గుంపు వల్ల మ్యూజియానికి నష్టమన్నవాళ్లు ఆ మనిషి ముఖం చూసి ఉంటే బాగుండేది.

మాకు తప్పులు లేవనను. ఇంకో నగరంలో మ్యూజియానికి రాత్రంతా ప్రయాణం చేసి శుక్రవారం దిగాం. వారం సెలవు ఆ రోజేనని ఎవరూ చూసుకోలేదు. గేటు ముందు పులిహోర తిని వెనక్కొచ్చాం. ఆ కథ ఇప్పటికీ మావయ్య చెప్పుకుని నవ్వుతాడు.

గుంపు మీద వేసే నిందల్లో ఒకటి మాత్రం నిజంగా బరువైంది. నలుగురు చేరితే చరిత్ర జెండా అవుతుంది అంటారు. ఫోన్లలో తిరిగే గొప్పలు, మా కులం రాజులు, మా భాష రాజులు; ఇవన్నీ చరిత్రాభిమానుల గుంపుల్లోనే పుట్టి పెరుగుతున్నాయి, ఇంకా బస్సులు కట్టి తిప్పితే మంటలో నెయ్యి పోసినట్టేనని. ఈ భయం వట్టిది కాదు. పాతపట్నంలాంటి సరిహద్దు ఊళ్లో ఇంకా కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. గిడుగు వారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయింది ఆ ఏడాదే. ఆ గీత ఈనాటికీ నోళ్లలో ఉంది. గాంగులు ఎవరివాళ్లు? పూరీ జగన్నాథుడి గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగు మావాడే అని ఒడియావాళ్లు. 1078లో కళింగనగరంలో పట్టం కట్టుకున్నవాడు, ముఖలింగం మనది కాబట్టి మనవాడే అని తెలుగువాళ్లు. ఆయన తల్లి చోళుల ఆడపడుచు కాబట్టి తమిళులకి కూడా కాస్త వాటా.

మా గుంపులో కూడా ఈ గొడవ వచ్చింది, అదీ రైల్లో, గొంతులు లేచాయి. ఫోన్లు తీశారు. ఎవరికి కావలసిన రుజువు వాళ్ల ఫోన్లో ఉంది. ఒంటరిగా కూచుని చదివేవాడికి కూడా అదే ఫోను, అవే రుజువులు. పైగా అతనికి అడ్డు చెప్పేవాడు పక్కన లేడు. గొప్పలు పుట్టేది గుంపులో కాదు, ఎదురు ప్రశ్న లేని చోట. మా గొడవ ఆపింది ఒక జిరాక్సు కాగితం. చోడగంగు విశాఖపట్నం తామ్రశాసనంలో, శక సంవత్సరం 1040 నాటిదానిలో, గాంగులు తమ పుట్టుపూర్వోత్తరాలు తామే చెప్పుకున్నారు. కామార్ణవుడు నలుగురు తమ్ముళ్లతో కన్నడ దేశపు గంగవాడి వదిలేసి, మహేంద్రగిరి ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, ఇక్కడి పాలకుణ్ణి కొట్టి కళింగం పట్టాడని. కథలో ఎంత నిజమో తరవాత సంగతి, చెప్పుకున్నది మాత్రం అదీ. ఒడియా పెద్దమనిషి నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరివాళ్లూ కానివాళ్ల కోసం నౌపడా దాకా కొట్టుకున్నాం. మా పురోహితుడు మాత్రం కన్నడిగులు ఇంకా టిక్కెట్టు కొనలేదా అని అడిగాడు.

నవ్వులు ఆగాక, సీతంపేట వైపు నుంచి వచ్చే సవర కుర్రాడు, బళ్లో పాఠాలు చెప్పుకునేవాడు, మెల్లగా ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. ఆ ఓడిన పాలకుడి పేరుని కొందరు బాలాదిత్యుడని, కొందరు శబరాదిత్యుడని చదివారు. అతను ఆ రెండో పేరు మీద వేలు పెట్టాడు.

"శబరులంటే మేమే కద మాస్టారూ. మనం పోయే మ్యూజియంలో ఆయన బొమ్మ ఏదైనా ఉందా?"

లేదు. ఏ మ్యూజియంలోనూ ఉన్నట్టు నేను ఎరగను. ఉండదు కూడా, ఓడినవాడు రాగిరేకు చెక్కించడు. ఈ ప్రశ్న పుట్టడానికి ఎంత పాండిత్యం కావాలి? ఆ పెట్టెలో ఆ పూట ఆ మనిషి కూచుని ఉండడమే కావాలి. తెలుగూ ఒడియా అని వాదులాడుకునే ఇద్దరు చదువుకున్నవాళ్లని గదిలో పెట్టి తాళం వేస్తే నూరేళ్లయినా మూడోవాడు అక్కడ ఉన్నాడన్న సంగతి వాళ్లకి తట్టదు.

రాళ్లు పాడైపోతాయన్న నింద మీద నేను ఎక్కువ సిరా ఖర్చుపెట్టను. శాసనాల మీద సున్నం కొట్టినవాళ్లు, శిల్పాలకి ఎనామిల్ రంగు పూసినవాళ్లు, చెక్కిన రాయిని మెట్టుగా వేసుకున్నవాళ్లు చరిత్ర చూడ్డానికి వచ్చిన గుంపులు కాదు. అక్షరాల్లో సుద్దపొడి రుద్దే అలవాటు మా వాళ్లలో ఒకడికి ఉండేది, మాన్పించాం. గుంపులో ఉన్నాడు కాబట్టే మాన్పించగలిగాం.

ఇంకొందరు మరో వైపు నుంచి వస్తారు. సరే, తిరగండి, కానీ మీ పాతపట్నంలో మ్యూజియం ఏది, జిల్లాలో చెప్పుకోదగ్గది ఏది, ముందు అది కట్టమని ప్రభుత్వాన్ని అడగండి, అప్పుడు ఊరూరూ తిరిగే బాధ తప్పుతుంది అంటారు. మంచి మాటే, అడుగుదాం. శాలిహుండం కొండ మీద దొరికిన తార, మారీచి విగ్రహాలు అక్కడే ఉండటం వల్ల ఎంత మేలో వెళ్లినవాళ్లకి తెలుసు. కొండ, స్తూపం, కింద వంశధార, బొమ్మ, అన్నీ ఒక్క చూపులో పడతాయి. కానీ గాంగుల సరుకంతా ఒక్క కప్పు కిందికి వస్తుందనుకోవడం భ్రమ. మా ఊరు మద్రాసు కింద ఉండేది. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో హైదరాబాదు, తరవాత అమరావతి. సరిహద్దుకి అటు వైపు ఊళ్లు కటకం చూశాయి, ఆ తర్వాత భువనేశ్వరం. దొరికిన రాగిరేకు ఆనాడు ఎవరు రాజధానో ఆ దారి పట్టింది. చోడగంగు చరిత్ర మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో కొంత, భువనేశ్వరంలో కొంత, గుడి గోడల మీద కొంత. ఆయన రాజ్యాన్ని ఈ రోజు చూడాలంటే మూడు రాష్ట్రాల టిక్కెట్లు కొనాలి. అందుకే బండెక్కుతున్నాం. మరాఠీవాళ్లు శివాజీ కోటలు గుంపులుగా ఎక్కుతారు, తమిళనాట కల్కి నవల చదివినవాళ్లు తంజావూరు గుళ్ల చుట్టూ బస్సులు కట్టుకుని తిరుగుతారు. వాళ్లని ఎవరూ సంతకెళ్తున్నారా అనడం నేను వినలేదు. మా కళింగం మీద చోళ సేనాని కరుణాకర తొండైమాను చేసిన దండయాత్ర గురించి తమిళులకి ఒక కావ్యమే ఉంది, కళింగత్తుప్పరణి. దెబ్బ తిన్నవాళ్లం మనం. మన బళ్లల్లో ఆ పేరెత్తేవాళ్లు ఎంతమంది?

వచ్చే నెల దీర్ఘాసి పోదామనుకుంటున్నాం. 1075 నాటి శాసనం. వనపతి అనే సేనాని వేయించాడు, ఒకే రాయి మీద సంస్కృతం, తెలుగూ రెండూ. సంస్కృతంలో చెప్పిన గొప్పలన్నీ తెలుగులో కూడా చెప్పాడా, లేక తెలుగువాళ్లకి అంత అక్కర్లేదని కోసేశాడా, రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. పురోహితుడు ఒక పక్క, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక పక్క. సవర కుర్రాడు తన స్నేహితుణ్ణి ఇంకొకణ్ణి తెస్తానన్నాడు. గొర్రెల ఇంటామె మాత్రం, దీపం సంగతి తేలిందా అని కొడుకు చేత ఫోను చేయించింది.